ఇంటి షెడ్డులో రౌటర్ టేబుల్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రౌటర్ టేబుల్ గురించి అడిగినవే ఎక్కువ. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఆపి, వీటన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. కొత్తవాళ్లకి ఒక్క మాట. రౌటర్ అంటే బిట్‌ని, అంటే పదునైన కోత ములికిని, గిరగిరా తిప్పి చెక్కని కోసే కరెంటు మిషన్. దాన్ని బల్ల కింద తలకిందులుగా బిగించి, బిట్ మాత్రం పైకి కనపడేలా పెడితే అదే రౌటర్ టేబుల్. చేతిలో ఉన్నప్పుడు మిషన్ చెక్క మీద నడుస్తుంది, టేబుల్ మీద మనం చెక్కనే మిషన్ దగ్గరికి నడుపుతాం. గాడి తీయాలన్నా, అంచుకి డిజైన్ కొట్టాలన్నా, ఫొటో ఫ్రేముకి బీడింగ్ చేయాలన్నా సన్నటి ముక్కల్ని ఇలా నడపడమే తేలిక.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అరంగుళం కొల్లెట్ (బిట్ కాడని పట్టి ఉంచే బిగింపు) ఉన్న 1600 వాట్ల రౌటర్ కొన్నాను కానీ దాని బరువుకి చేతులు నొప్పి పుడుతున్నాయి. టేబుల్ రెడీమేడ్‌ది కొనమంటారా, చేసుకోమంటారా? మాది సముద్రం దగ్గర ఊరు, ఏ చెక్కతో చేయాలి? – కావలి పాఠకుడు

జవాబు: చేసుకోండి మాస్టారూ. రౌటర్ టేబుల్‌కి రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకూడదు. ఒకటి, బల్ల పైభాగం ఒకే మట్టంలో ఉండాలి. రెండు, స్విచ్ సరైనది అయ్యుండాలి. మిగతా సరంజామా, అంటే అల్యూమినియం పట్టాలూ, చెక్కని ఆనించి నడపడానికి అంకెలు చెక్కిన ఫెన్సులూ, తిప్పితే బిట్ పైకి లేచే లిఫ్టులూ ఉంటే సుఖమే కానీ లేకపోతే పనేమీ ఆగదు. ఇంట్లో ఉన్న చెక్కముక్కలతోనే అవన్నీ సర్దుకోవచ్చు.

పైభాగానికి 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు అతికించండి, 36 మి.మీ. మందం వస్తుంది. 800 మి.మీ. పొడవు, 600 మి.మీ. వెడల్పు ఇంటి పనికి చాలు. ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది అడగండి, అది నీటికి తట్టుకునే రకం. ఐఎస్ 303 అనేది మామూలు వాడకానికి, అది హైదరాబాద్‌లో ఏసీ గదిలో పనికొస్తుందేమో కానీ కావలి గాలికి నేను చెప్పను. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే బోర్డు) నున్నగా, చదునుగా ఉంటుంది నిజమే, అయితే మనకి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పట్టుకుంటే రేకుల షెడ్డులో చెమ్మ ఆరదు, అంచుల దగ్గర ఎండీఎఫ్ ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ దిగదు.

రెండు పొరలు అతికించేటప్పుడు కింద ఏముందో చూసుకోండి. వంకర నేల మీద ఉంచి బరువులు పెడితే ఆ వంకరే బల్లకి శాశ్వతంగా వచ్చేస్తుంది. ఫ్లష్ డోర్ ఒకటి చదునుగా పరిచి దాని మీద అతికించడం మంచిది. ఫెవికాల్ రాసి, చుట్టూ క్లాంపులు, మధ్యలో బరువులు పెట్టి మర్నాటి దాకా కదిలించకండి. తర్వాత సన్మైకా, అది రెండు వైపులా వేయాలి. కిందివైపు ఎవరు చూస్తారులే అని చాలామంది మానేస్తారు. పైన వేసినవైపు చెమ్మ పీల్చదు, కింద వేయనివైపు పీలుస్తుంది, ఒక వానాకాలం గడిచేసరికి బల్ల వంగి కూర్చుంటుంది. కిందికి నాసిరకం షీటైనా ఫరవాలేదు, ఏదో ఒకటి ఉండాలి.

ఇక ప్లేట్. రౌటర్ బిగించేది దీనికే, కాబట్టి ఇది కిందికి జారకూడదు. 1600 వాట్ల రౌటర్ ఆరు కిలోల దాకా ఉంటుంది, పైగా నడిచేటప్పుడు అదురుతుంది. ప్యానెల్ బోర్డులకి వాడే హైలం షీట్ ఎలక్ట్రికల్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. 10 లేదా 12 మి.మీ. మందంలో ముక్క అడగండి, 300 మి.మీ.కి 235 మి.మీ. సైజు చాలు. రౌటర్ ప్లేటుకి నా చేత్తో నేను కొనేది అదే. 6 మి.మీ. అల్యూమినియం కూడా బాగుంటుంది. పల్చటి అక్రిలిక్ మాత్రం వద్దు, ఈ బరువుకి మధ్యలో కుంగుతుంది. హైలం కోసేటప్పుడు వచ్చే పొడి గొంతు పట్టేస్తుంది, మాస్క్ పెట్టుకుని ఆరుబయట కోయండి.

రౌటర్ అడుగున ఉన్న నల్ల ప్లాస్టిక్ ముక్క ఊడదీసి, దాన్నే హైలం మీద పెట్టి రంధ్రాల గుర్తులు వేసుకోండి. ఇంతకన్నా కచ్చితమైన నమూనా ఇంకోటి ఉండదు. దానితో వచ్చిన స్క్రూలు మందమైన ప్లేటుకి పొట్టిగా అవుతాయి, ఒకటి పట్టుకెళ్లి అదే చుట్టు, అదే లావు ఉండి పొడుగైనవి తెచ్చుకోవాలి. స్క్రూ తలలు ప్లేటు లోపలికి దిగాలి, వెంట్రుకవాసి పైకి ఉన్నా చెక్క అక్కడ తట్టుకుంటుంది.

బల్లలో ప్లేటు కూర్చునే గుంట తీసే పద్ధతి ఇదీ: మొదట ప్లేటు చుట్టూ నాలుగు చెక్కపట్టీలు ఆనించి టేపుతో బిగించండి, ప్లేటు తీసేయండి, బేరింగ్ పైన ఉన్న బిట్‌తో ఆ పట్టీల వెంట ప్లేటు మందానికి కొంచెం ఎక్కువ లోతు గాడి తీయండి. తర్వాత లోపలి భాగాన్ని జిగ్‌సాతో కోసేయండి, చుట్టూ రెండు సెంటీమీటర్ల మెట్టు మిగలాలి. ఆ మెట్టు నాలుగు మూలల్లో, మధ్యల్లో స్క్రూలు దించి, వాటిని తిప్పుతూ ప్లేటు మట్టం సరిచేసుకోవాలి. ఇక్కడ తొందర వద్దు. స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి సగం బల్ల మీద, సగం ప్లేటు మీద ఉండేలా పెట్టండి, వెనకవైపు సెల్‌ఫోన్ లైటు వేయండి, స్కేలు కింద ఎక్కడ వెలుతురు గీతలా కనపడుతుందో అక్కడ తేడా ఉన్నట్టు. స్క్రూ పావు చుట్టు తిప్పండి, మళ్లీ చూడండి. తర్వాత స్కేలుని అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడండి. రౌటర్ బిగించి ఉన్నప్పుడే చూడాలి సుమా, ఖాళీ ప్లేటు మట్టంగా ఉండి బరువు పడగానే దిగిపోతే చూసి లాభం లేదు. పూర్తిగా సమం కుదరకపోతే బిట్ దగ్గర కొంచెం మిట్టగా ఉన్నా ఒప్పుకోవచ్చు, ఎందుకంటే చెక్క బిట్ పక్కన బల్లకి ఆనే ఉంటుంది. పల్లంగా ఉంటే మాత్రం పొడుగు చెక్క ఆ పల్లం మీద వంతెన కట్టినట్టు ఉండి గాడి లోతు మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా వస్తుంది.

ఫెన్స్ గురించి చాలా భయపడతారు. నిజానికి బిట్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఫెన్స్ బల్ల అంచుకి సమాంతరంగా ఉండాలనే నియమం లేదు. నిటారుగా, తిన్నగా ఉన్న రెండు ప్లైవుడ్ పట్టీలు మూలమట్టం పట్టి ఎల్ ఆకారంలో బిగించి, మధ్యలో బిట్ కోసం గంటు పెట్టి, ఒక కొస బోల్టు మీద తిరిగేట్టు, రెండో కొస క్లాంపుతో బిగించేట్టు పెట్టుకోండి. దీనివల్ల ఇంకో సుఖం ఉంది. బిట్ సరిగ్గా మధ్యలో ఉంటే, క్లాంపు కొసని 1 మి.మీ. జరిపినప్పుడు బిట్ దగ్గర అర మి.మీ. మాత్రమే జరుగుతుంది. సన్నటి సర్దుబాటుకి వేరే పరికరం అక్కర్లేదు.

మీది ప్లంజ్ రౌటర్ (నొక్కితే మోటారు స్ప్రింగుల మీద కిందికి దిగే రకం) అయితే దాని స్ప్రింగులు తలకిందులు చేసినప్పుడు మిషన్ని కిందికే తోస్తుంటాయి, బిట్ పైకి లేపాలంటే స్ప్రింగు బలమూ మిషన్ బరువూ రెండూ ఎత్తాలి. మాన్యువల్ చూసి స్ప్రింగులు తీసి జాగ్రత్తగా దాచండి. కింద పాత కారు జాకీ ఒకటి పెట్టుకుంటే, హ్యాండిల్ తిప్పితే రౌటర్ నెమ్మదిగా లేస్తుంది. ఎత్తు కుదిరాక ప్లంజ్ లాక్ బిగించడం తప్పనిసరి. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. బల్ల ఎత్తు మీ నడుముకి కాస్త పైన, 34 నుంచి 36 అంగుళాలు ఉంటే వంగక్కర్లేదు. వారం పది రోజులు పని లేదనుకుంటే రౌటర్ ప్లేటుతో సహా తీసి పక్కన పెట్టండి, ఊరికే వేలాడదీసి ఉంచితే ఏ ప్లేటైనా కొన్నాళ్లకి కుంగుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో గ్రానైట్ ముక్కలు ఎక్కడ చూసినా ఉంటాయి. రౌటర్ టేబుల్ పైభాగం గ్రానైట్‌తోనే వేస్తే జీవితాంతం వంగదు కదా? – చీమకుర్తి పాఠకుడు

జవాబు: వంగదు. కానీ దానికి స్క్రూ ఎక్కించలేరు, ప్లేటుకి మెట్టు తీయలేరు, ఫెన్స్ బోల్టు జరగడానికి గాడి కావాలంటే ఫ్యాక్టరీకి పోవాలి. పైగా రాయిలో చదరంగా గంటు కోస్తే లోపలి మూలల నుంచి పగులు మొదలవుతుంది. 20 మి.మీ. మందంలో 800కి 600 పలక దాదాపు 28 కిలోలు తూగుతుంది, దాన్ని ఎత్తి దించే పని కూడా మీదే.

అయితే ఆ ముక్కని వదులుకోవద్దు. గెలాక్సీ గ్రానైట్ పాలిష్ పలక అడుగున్నర ముక్క ఒకటి చూసి తెచ్చుకోండి, స్టీలు స్కేలు పెట్టి వెలుతురు రానిది ఏరుకోండి. దాని మీద ప్లేటు పెట్టి ఊగుతుందేమో చూస్తే వంకర ఉందో లేదో తెలిసిపోతుంది. సాండ్ పేపర్ అతికించి చిత్రిక అడుగుభాగం, ఉలి వెనకభాగం చదును చేసుకోవచ్చు. టేబుల్‌కి ప్లైవుడ్, చదును చూసుకోవడానికి గ్రానైట్. మీ ఊళ్లో ఉండి ఆ రాయి షెడ్డులో లేకపోతే ఎలా!

ప్రశ్న: పీటలు, బొమ్మల కొలువు మెట్లు చేస్తుంటాను. టేబుల్ మీద అంచు తీస్తుంటే చెక్క నా చేతుల్లోంచి ఒక్కసారిగా లాక్కుని ఎడమవైపు గోడకి కొట్టుకుంది. అప్పటి నుంచి ఆన్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉంది. బిట్ మొద్దుబారిందా? – నెల్లూరు పాఠకురాలు

జవాబు: అమ్మా, బిట్ తప్పు కాదు. చెక్క ఎడమవైపు ఎగిరిందంటే, అది బిట్‌కీ ఫెన్స్‌కీ మధ్యలోంచి వెళ్తోందని నాకు అర్థమవుతోంది. ఇది ఒక్కటి అందరూ బాగా చదవండి, మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు.

చేత్తో పట్టుకున్న రౌటర్‌ని పైనుంచి చూస్తే బిట్ గడియారం ముళ్లు తిరిగే వైపే తిరుగుతుంది. దాన్నే తలకిందులు చేసి బల్ల కింద పెట్టాక, పైనుంచి చూసే మనకి అది గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. ఫెన్స్ మనకి ఎదురుగా, అవతలి పక్కన ఉంది. బిట్‌లో మనవైపు ఉన్న అంచు ఎడమ నుంచి కుడికి పరిగెడుతుంది. కాబట్టి చెక్క కుడి నుంచి ఎడమకి రావాలి. అప్పుడు బిట్ చెక్కకి ఎదురు తిరుగుతుంది, చేతికి ఒక నిలకడైన ఒత్తిడి తెలుస్తుంది, చెక్క ఫెన్స్ వైపు ఒదుగుతుంది. ఆ ఒత్తిడి తెలుస్తున్నంత సేపూ చెక్క మీ అదుపులో ఉన్నట్టే.

ఇప్పుడు ఫెన్స్‌ని వెనక్కి జరిపి, బిట్‌కీ దానికీ మధ్య సందులోంచి చెక్క తోశారనుకోండి. పీట చెక్క వెడల్పు తగ్గించాలని చాలామంది చేసేది ఇదే, రంపం మిషన్ మీద అలాగే కదా కోస్తాం అనుకుంటారు. ఆ సందులో కోసేది బిట్ అవతలి అంచు, అది కుడి నుంచి ఎడమకే పరిగెడుతోంది, అంటే మీరు తోస్తున్న వైపే. చెక్కని పళ్లతో పట్టి ముందుకి విసురుతుంది. చెక్కతో పాటు చేయి కూడా ఆ వైపే పోతుంది. కాబట్టి చెక్కని ఎప్పుడూ బిట్‌కీ ఫెన్స్‌కీ మధ్య ఇరికించకూడదు. బిట్ ఫెన్స్ గంటులోనే ఉండాలి, ఎంత లోతు కోయాలో అంతే బయటికి కనపడాలి.

ఒక పద్ధతి పెట్టుకోండి. బల్ల మీద కుడివైపు నుంచి ఎడమకి పెద్ద బాణం గుర్తు పెయింటుతో వేయండి. ఆన్ చేయకముందు చెక్కని ఒకసారి ఖాళీగా నడిపి చూడండి, చేతులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలుస్తుంది. బిట్‌కి జానెడు దూరంలోకి వేళ్లు రాకూడదు, ఆ చివరి భాగం తోయడానికి మడమ ఉన్న చెక్క పిడి వాడండి. ఫెన్స్‌కి, బల్లకి ఒక్కో ఫెదర్‌బోర్డు బిగిస్తే చెక్క వెనక్కి రాదు, పైకి లేవదు. దాన్ని కొనక్కర్లేదు, టేకు ముక్క కొస 30 డిగ్రీల ఏటవాలుగా కోసి, దాంట్లోకి వరసగా సన్నగా రంపంతో చీల్చితే దువ్వెనలా వస్తుంది.

పీట నాలుగు వైపులా అంచు తీసేటప్పుడు మొదట పీచు అడ్డంగా తెగే రెండు కొసలూ తీయండి, తర్వాత పొడుగు అంచులు. కొస దగ్గర చెక్క చిట్లడం ఎలాగూ ఉంటుంది, ఆ చిట్లింది తర్వాత పొడుగు అంచు తీసేటప్పుడు పోతుంది. లోతంతా ఒకేసారి వద్దు, 3 మి.మీ. చొప్పున రెండు మూడు సార్లు నడపండి, చివరిసారి అర మి.మీ. మాత్రం మిగిల్చి తీస్తే సాండ్ పేపర్ పని సగం తగ్గుతుంది. గోడకి కొట్టుకున్న ఆ చెక్కలో సన్నటి చీలిక ఉండొచ్చు, దాన్ని మళ్లీ మిషన్ మీద పెట్టకండి.

ప్రశ్న: మా పల్లెలో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. రౌటర్ స్విచ్ లాక్ చేసి ప్లగ్ దగ్గర ఆన్ ఆఫ్ చేస్తున్నాను. వేరే స్విచ్ పెట్టాలా? – దర్శి పాఠకుడు

జవాబు: తప్పకుండా పెట్టాలి, ఈ వారమే పెట్టాలి. మీరు చెప్పినట్టు ఉంటే కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగుతుంది, మీరు బిట్ మార్చుదామని నట్టు మీద చెయ్యి పెడతారు, అప్పుడే కరెంటు వస్తుంది. ఇంతకన్నా విడమరిచి రాయాలని లేదు.

కావలసింది కరెంటు పోగానే పడిపోయి, మనం మళ్లీ నొక్కితే తప్ప ఆన్ కాని స్విచ్. పొలం మోటార్లకి వాడే డీఓఎల్ స్టార్టర్ చేసే పని అదే. పచ్చ బటన్ నొక్కితే లోపల కాయిల్ పట్టుకుంటుంది, కరెంటు పోతే వదిలేస్తుంది. అయితే మూడు విషయాలు ఎలక్ట్రీషియన్‌తో చెప్పండి. కాయిల్ 230 వోల్టులది ఉండాలి. త్రీ ఫేజ్ స్టార్టర్లకి సాధారణంగా వచ్చే 415 వోల్టుల కాయిల్ ఇంటి కరెంటుతో పట్టదు. రెండోది, ఓవర్‌లోడ్ రిలే మీ రౌటర్ నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లకి సర్ది, సింగిల్ ఫేజ్‌కి తగ్గట్టు మూడు పోల్స్ గుండా కరెంటు పారేలా వైరింగ్ కలపాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రాత్రిళ్లు కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడడానికి పొలాల్లో ఆటో బిగించుకుంటారు కదా, ఆ ఆటో ఉన్న పాత స్టార్టర్ తెచ్చి దీనికి పెట్టొద్దు. పొలానికి మేలు చేసేదే ఇక్కడ వేళ్లు తీస్తుంది.

ఎర్ర బటన్ మోకాలితో తగిలించి ఆపగలిగేలా బల్ల ముందు కాలికి బిగించండి, రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు ఆపాల్సి వస్తుంది. 1600 వాట్ల రౌటర్ 7 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మి.మీ. వైరు, ఎర్తింగ్ ఉండాలి. మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టేటప్పుడు కరెంటు తెంచేసే స్విచ్) ఉంటే ఇంటిల్లిపాదికీ మంచిది. బిట్ మార్చేటప్పుడు మాత్రం స్విచ్‌ని నమ్మొద్దు, ప్లగ్గు పీకి బల్ల మీద కళ్లెదురుగా పెట్టుకోండి.

ప్రశ్న: మేడ మీద అద్దె పోర్షన్. పెద్ద రౌటర్ కొనలేను, 530 వాట్ల ట్రిమ్మర్, అంటే చిన్న రౌటర్, ఉంది. దాన్ని టేబుల్‌కి బిగించొచ్చా? ఆన్‌లైన్‌లో కొన్న బిట్ల సెట్ దీనికి కొంచెం బిగుతుగా పడుతోంది. – ఒంగోలు పాఠకుడు

జవాబు: బిగించొచ్చు, చిన్న పనులకి చక్కగా పనిచేస్తుంది. ట్రిమ్మర్ తేలిక కాబట్టి 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క, మధ్యలో 6 మి.మీ. అక్రిలిక్ చాలు. 400కి 300 సైజులో చేసి, వాడేటప్పుడు డైనింగ్ టేబుల్ అంచుకి క్లాంపు కొట్టి, పని అవగానే మంచం కింద పెట్టుకోవచ్చు. ఈ తరగతి ట్రిమ్మర్లు నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతాయి, వేగం తగ్గించే వీలు చాలావాటికి ఉండదు, అందుకని 20 మి.మీ. దాటిన బిట్ వద్దు, ఒక్కోసారి 2 మి.మీ.కి మించి లోతు వద్దు.

బిగుతుగా పడటం దగ్గర ఆగండి. మన మార్కెట్లో 6 మి.మీ. కొల్లెట్లూ ఉన్నాయి, పావు అంగుళం కొల్లెట్లూ ఉన్నాయి. రెండు సూతులు అంటే పావు అంగుళం, అది 6.35 మి.మీ. పావు అంగుళం బిట్‌ని 6 కొల్లెట్‌లోకి బలవంతంగా దూర్చినా, 6 బిట్‌ని పావు అంగుళం కొల్లెట్‌లో పెట్టి ఎంత బిగించినా రెండూ ప్రమాదమే, రెండోది మరీను, నడుస్తుండగా బిట్ జారి పైకి వస్తుంది. వెర్నియర్‌తో బిట్ కాడ కొలవండి, కొల్లెట్ మీద ఏముందో చదవండి, తేడా ఉంటే సరైన కొల్లెట్ కొనండి, ఖరీదు ఎక్కువేం కాదు. 12 మి.మీ.కీ అరంగుళానికీ, అంటే 12.7కీ ఇదే గొడవ. బిట్‌ని కొల్లెట్ అడుగు తగిలేదాకా దించి, అక్కడి నుంచి 2, 3 మి.మీ. పైకి లాగి బిగించాలి, కాడలో మూడొంతులైనా లోపల ఉండాలి.

మేడ మీద కాబట్టి ఇంకో మాట. రౌటర్ మోత 90 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి మఫ్స్ మీకు ఉంటాయి కానీ కింద ఇంటివాళ్లకి ఉండవు. టేబుల్ కింద రబ్బరు మ్యాట్ వేయండి, మధ్యాహ్నం నిద్ర వేళ వదిలేయండి.

ప్రశ్న: తలుపు ప్యానెళ్లకి ఏటవాలు అంచు తీసే 50 మి.మీ. బిట్ కొన్నాను. నా రౌటర్ నిమిషానికి 22,000 చుట్లు, ఒకే వేగం. ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి తగ్గించొచ్చా? – టంగుటూరు పాఠకుడు

జవాబు: వద్దు. ఫ్యాన్ రెగ్యులేటర్ అంత కరెంటు మోయలేదు, కాలిపోతుంది. లెక్క చూడండి: 12 మి.మీ. బిట్ 22,000 చుట్ల మీద తిరిగితే దాని అంచు వేగం గంటకి 50 కిలోమీటర్లు. 50 మి.మీ. బిట్ అదే చుట్ల మీద తిరిగితే గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. చెక్క మాడుతుంది, బిట్ అదురుతుంది, అతికించిన కార్బైడ్ పలుకు ఊడి వస్తే అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. 25 మి.మీ. దాకా 22,000 సరే, 50 దాకా 18,000కి మించొద్దు, ఇంకా పెద్దవాటికి 16,000 నుంచి 10,000కి దిగాలి. బిట్ మీద గరిష్ఠ వేగం రాసి ఉంటే అదే చివరి మాట. ప్యానెల్ పని మీకు తరచుగా ఉంటే వేగం మార్చే వీలున్న అరంగుళం రౌటర్ తీసుకోండి. ఒక్క తలుపు కోసమే అయితే చిత్రికతో ఏటవాలు తీసుకోండి, మన ఇళ్లలో పాత తలుపులన్నీ అలా వచ్చినవే.

టేకు కోస్తారు కాబట్టి కార్బైడ్ బిట్లే వాడండి. టేకులో సిలికా ఉంటుంది, మామూలు హైస్పీడ్ స్టీలు అంచు త్వరగా చచ్చిపోతుంది.

ప్రశ్న: ఉదయగిరి చెక్క స్పూన్లలాంటివి చేయాలని ఉంది. రౌటర్ టేబుల్ మీద అంచులు గుండ్రం చేయొచ్చా? – ఆత్మకూరు పాఠకుడు

జవాబు: భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది, మీకు ఆసక్తి కలగడం సంతోషం. కానీ స్పూన్ అంత చిన్న ముక్కని తిరుగుతున్న బిట్ దగ్గరికి వేళ్లతో పట్టుకెళ్లొద్దు. అడుగు పొడవు కూడా లేని ముక్కని టేబుల్ మీద చేత్తో నడపకూడదు. ఉలి, ఆకురాయి, సాండ్ పేపర్, ఇవే దానికి సరైన పనిముట్లు. ఉదయగిరి వెళ్లి ఆ పనివాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. వంపు తిరిగిన పెద్ద ముక్కలు, ఉదాహరణకి కుర్చీ వీపు చెక్క, టేబుల్ మీద చేయొచ్చు. దానికి బేరింగ్ బిట్ ఉండాలి, బిట్‌కి కుడివైపు ప్లేటులో ఒక ఇత్తడి పిన్ను నిలబెట్టి, చెక్కని ముందు ఆ పిన్నుకి ఆనించి నెమ్మదిగా బిట్ మీదికి తిప్పాలి.

ప్రశ్న: రెండు పలకలు అతికిస్తే మధ్యలో సందు కనపడుతోంది. అంచు తిన్నగా తీసే జాయింటర్ మిషన్ లేదు. రౌటర్ టేబుల్ మీద అంచు తిన్నగా చేయొచ్చంటారు, ఎలా? పొడి కూడా బాగా ఎగురుతోంది. – సింగరాయకొండ పాఠకుడు

జవాబు: చేయొచ్చు, సన్మైకా ముక్క ఉంటే చాలు. ఫెన్స్‌లో బిట్‌కి ఎడమవైపు భాగానికి 1 మి.మీ. సన్మైకా పట్టీ అతికించండి, కుడివైపు అలాగే వదిలేయండి. తిన్నటి బిట్, కాడ అరంగుళం ఉన్నది, పలక మందం కన్నా పొడుగైనది బిగించి, స్టీలు స్కేలుని ఎడమ ఫెన్స్‌కి ఆనించి పెట్టి, బిట్ పదును స్కేలుకి అలా తాకీ తాకనట్టు ఉండేలా ఫెన్స్ సర్దండి. బిట్‌ని చేత్తో తిప్పి చూడాలి, ప్లగ్గు పీకేసి. ఇప్పుడు పలక కుడివైపు నుంచి వస్తుంది, బిట్ దగ్గర 1 మి.మీ. పోతుంది, కోసిన అంచు ఎడమవైపు సన్మైకాకి సరిగ్గా ఆనుతుంది. బిట్ దాటగానే మీ చేతి ఒత్తిడి ఎడమ ఫెన్స్ వైపుకి మారాలి. కోత చివర్లో గంటు పడుతుంటే బిట్ ఎడమ ఫెన్స్ కన్నా ముందుకి వచ్చినట్టు, పలక ఎడమ ఫెన్స్ కొసకి తగిలి ముందుకి రాకపోతే బిట్ వెనకబడినట్టు. మొదట పనికిరాని ముక్క మీద చూసుకోండి. ఒక పలకని ముఖం పైకి, రెండోదాన్ని ముఖం కిందికి పెట్టి నడిపితే ఫెన్స్ నిటారులో ఏ కాస్త తేడా ఉన్నా అది రెండిట్లో ఎదురెదురుగా పడి సరిపోతుంది, అతికాక సందు ఉండదు.

పొడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఫెన్స్ గంటు వెనక చిన్న పెట్టె కట్టి దానికి వ్యాక్యూమ్ గొట్టం తగిలించండి, గాడి కాకుండా అంచు పని చేసేటప్పుడు పొడి చాలావరకు అటే పోతుంది. బల్ల కింద భాగాన్ని మాత్రం పూర్తిగా మూసేయకండి, తలకిందులుగా ఉన్న మోటారుకి గాలి ఆడకపోతే వేడెక్కుతుంది, గాలి రంధ్రాల్లో పొడి పేరుకుంటుంది. పని అయ్యాక బ్లోయర్‌తో మోటారు ఊదండి, కొల్లెట్ ఊడదీసి లోపల తుడవండి. అక్కడ చిక్కుకున్న చిన్న పొట్టు వల్ల కూడా బిట్ జారుతుంది. ముక్కుకి ఎన్95 మాస్క్, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, వేప కోసే రోజైతే షెడ్డు తలుపులు రెండూ తెరిచి పెట్టండి.